నోలన్ ర్యాన్ సంతకం నకిలీదని తేలింది, డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాము. నేను హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. మా అబ్బాయికి ప్రసిద్ధ బేస్‌బాల్ ఆటగాడు నోలన్ ర్యాన్ సంతకం చేసిన బేస్‌బాల్ కార్డులు సేకరించడం అలవాటు. తొమ్మిది నెలల కిందట వాడి కోసం 1968 నాటి టాప్స్ కంపెనీ రూకీ కార్డును (కొత్త ఆటగాడిగా ఉన్నప్పటి కార్డును), దానిపై ర్యాన్ సంతకంతో సహా, దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక డీలరు వెబ్‌సైటులో 2,400 డాలర్లకు కొన్నాను. సంతకం అసలైనదని డీలరు తన లెటర్‌హెడ్‌పై ముద్ర వేసి ధ్రువపత్రం కూడా పంపాడు. గత నెలలో, ఇలాంటి కార్డులను పరీక్షించి తేల్చే ఒక గ్రేడింగ్ కంపెనీకి పంపితే, కార్డు అసలైనదే కాని సంతకం ర్యాన్‌ది కాదని ఉత్తరం వచ్చింది. డీలరుకు ఫోన్ చేస్తే, వాపసు గడువు 30 రోజులేనని, ఉన్నది ఉన్నట్టుగా అమ్మానని, ధ్రువపత్రం తన అభిప్రాయం మాత్రమేనని అంటున్నాడు. నా డబ్బు వస్తుందా? పోలీసు కేసు పెడతానంటే దారికి వస్తాడా? దావా వేస్తే వీసాకు ఇబ్బంది కలుగుతుందా? మా వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు ఆ కార్డును 1,500 డాలర్లకు తీసుకుంటానంటున్నాడు, ఇచ్చేయవచ్చా?

జవాబు: మీ డీలరు చెప్పిన మూడు మాటల్లో ఏ ఒక్కటీ మీ హక్కును పూర్తిగా తీసివేయలేదు. అయితే ఆ హక్కును నిలబెట్టుకోవడానికి మీరు చేయవలసిన పనులకు గడువులున్నాయి. వాటిలో మొదటిది ఈ వారంలోనే చేయవలసినది.

ముందుగా ధ్రువపత్రం సంగతి చూద్దాం. సేకరణదారులు సాధారణంగా ఈ కాగితాన్ని సంతకం అసలైనదనడానికి రుజువుగా భావిస్తారు. నిజానికి అమ్మేవాడు తన సరుకు గురించి తానే రాసి ఇచ్చిన కాగితానికి రుజువుగా పెద్ద విలువ లేదు. 1990వ దశకంలో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కేంద్రంగా ఎఫ్‌బిఐ జరిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ దర్యాప్తులో బయటపడిన నకిలీ సంతకాలు కూడా ధ్రువపత్రాలతోనే అమ్ముడుపోయాయి. మదర్ థెరిసా సంతకం చేసినట్టు చూపిన బేస్‌బాల్ బంతి సైతం వాటిలో ఉందంటే, కాగితం జోడిస్తే ఎంతటి అసంభవమైనా అమ్ముడుపోతుందని అర్థమవుతుంది. కాని అదే కాగితం మరొక విధంగా మీకు ఎంతో విలువైనది. అది అమ్మినవాడు మీకు రాసి ఇచ్చిన పూచీకత్తు, కోర్టులో మీ కేసంతా దాని మీదనే నిలబడుతుంది.

టెక్సస్, కాలిఫోర్నియా రెండూ ఆమోదించిన, సరుకుల అమ్మకాలకు వర్తించే యూనిఫార్మ్ కమర్షియల్ కోడ్ 2-313 సెక్షన్ ప్రకారం, అమ్మేవాడు సరుకు గురించి ఒక వాస్తవాన్ని నొక్కి చెప్పి, ఆ మాట బేరంలో భాగమైతే, అది చట్టరీత్యా హామీ అవుతుంది. అందులో వారంటీ, గ్యారంటీ అనే పదాలు ఉండాలన్న నియమం లేదు. ‘చాలా అందమైన కార్డు, మంచి పెట్టుబడి’ అంటే అది వర్తకుల పొగడ్త, దానిపై దావా నిలవదు. ‘నోలన్ ర్యాన్ స్వహస్తంతో సంతకం చేసినది’ అంటే అది వాస్తవ ప్రకటన. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతు, చట్టం తనంతట తాను కల్పించే అంతర్లీన హామీలను తొలగించగలదు గాని, అమ్మేవాడు నోటితో లేదా రాతతో ఇచ్చిన స్పష్టమైన హామీని తొలగించలేదు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగనప్పుడు నిలిచేది హామీయే అని 2-316 సెక్షన్ చెబుతోంది. ఇక 30 రోజుల వాపసు గడువు సాధారణంగా మనసు మారిన కొనుగోలుదారుకు దుకాణం ఇచ్చే వెసులుబాటు. చెప్పిన వస్తువు కాకుండా వేరే వస్తువు అంటగట్టిన సందర్భంలో చట్టం ఇచ్చే పరిహారానికి అదొక్కటే అడ్డుగోడ కాజాలదు.

మిగిలినది ‘అది నా అభిప్రాయం మాత్రమే’ అన్న వాదన. సాధారణ హామీ చట్టం కింద దీనిపై కొంత వాదోపవాదానికి తావుంది. మీ అదృష్టం ఏమిటంటే, అమ్మినవాడు కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఆ రాష్ట్ర సివిల్ కోడ్ 1739.7 సెక్షన్ కేవలం సంతకం చేసిన సేకరణ వస్తువుల అమ్మకాల కోసమే చేసిన చట్టం. మొదట క్రీడా వస్తువులకే పరిమితమైన దీనిని 2017 నుంచి ఇతర ప్రముఖుల సంతకాలకు కూడా విస్తరించి, ఆ తరువాత కొన్ని సవరణలు చేశారు. 50 డాలర్లు, అంతకు మించిన ధరకు సంతకం చేసిన వస్తువును అమ్మే డీలరు, దాని ప్రామాణికతకు రాతపూర్వకమైన హామీ ఇవ్వాలి. అందులో తన అసలు పేరు, చిరునామా, వస్తువు వివరణ, సంతకం ఎవరిదో ఆ పేరు, ధర, అమ్మిన తేదీ ఉండాలి. దాని ప్రతిని ఏడేళ్లు భద్రపరచాలి. ప్రామాణికత గురించిన మాట డీలరు అభిప్రాయం మాత్రమేనన్న కారణంతో ఈ హామీని కుదించడానికి గాని తోసిపుచ్చడానికి గాని వీలులేదని ఆ చట్టమే చెబుతోంది. మీ డీలరు ఇప్పుడు ఆడుతున్న మాటను శాసనసభ ముందే ఊహించి రాసినట్టుంది.

ఈ చట్టం కాలిఫోర్నియాలోనే కాక కాలిఫోర్నియా ‘నుంచి’ అమ్మేవారికి కూడా వర్తిస్తుంది కనుక, మీరు టెక్సస్‌లో ఉండి కొనడం అడ్డంకి కాదు. అయితే ఎదుటి వ్యక్తి డీలరై ఉండాలి. అంటే ఇలాంటి వస్తువుల అమ్మకమే ప్రధాన వ్యాపారంగా ఉన్నవాడో, వాటి విషయంలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నట్టు చెప్పుకునేవాడో కావాలి. అటకెక్కిన పాత పెట్టెలోని కార్డును ఒక్కసారి అమ్ముకున్న గృహస్థుకు ఇది వర్తించదు. మీ డీలరుకు వెబ్‌సైటు, లెటర్‌హెడ్, ముద్ర ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో పెద్దగా సందేహం లేదు.

హామీ తప్పని తేలితే వాస్తవ నష్టంతోపాటు, దానికి పది రెట్ల వరకు జరిమానా రూపంలో మీకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. కోర్టు ఖర్చులు, సముచితమైన వకీలు ఫీజు, వడ్డీ, నిపుణుడి సాక్ష్యానికైన ఖర్చు దీనికి అదనం. కాని ఇక్కడొక జాగ్రత్త అవసరం. హామీ ఉల్లంఘనకు సరుకు అందిన నాటి నుంచి నాలుగేళ్ల గడువు ఉన్నా, చట్టం ఇచ్చే జరిమానాల కోసం వేసే దావాలకు కాలిఫోర్నియాలో ఒక ఏడాది గడువు విధించే నిబంధన ఒకటి ఉంది. అది మీ కేసుకు వర్తిస్తుందని ఎదుటివారి వకీలు వాదించే అవకాశముంది. మీరు కొని తొమ్మిది నెలలైంది కాబట్టి, ఆ వాదనకు తావివ్వకుండా మిగిలిన మూడు నెలల్లోపే దావా దాఖలు చేయడం క్షేమం.

ఇక ఈ వారంలో చేయవలసిన పని. కమర్షియల్ కోడ్ 2-607 సెక్షన్ ప్రకారం, సరుకులో లోపం తెలిసిన తరువాత సముచిత కాలంలో అమ్మినవాడికి తెలియజేయని కొనుగోలుదారు పరిహారమే కోల్పోతాడు. మీరు ఫోన్‌లో చెప్పారు, కాని రేపు ఆయన అలాంటి ఫోనే రాలేదంటే మీ దగ్గర ఆధారం లేదు. ఆర్డరు తేదీ, చెల్లించిన సొమ్ము, ప్రకటనలోని వాక్యం, ధ్రువపత్రంలోని వాక్యం, గ్రేడింగ్ కంపెనీ తేల్చిన విషయం రాసి, కొనుగోలును రద్దు చేసుకుంటున్నానని, సొమ్ము తిరిగి ఇచ్చినప్పుడు కార్డు అప్పగిస్తానని, ఫలానా తేదీలోగా చెల్లించాలని ఒక ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లోను, ఈమెయిల్‌లోను పంపండి. డబ్బు రాకముందే కార్డును మాత్రం వెనక్కి పంపవద్దు. నేను చూసిన ఇలాంటి వివాదాల్లో కొనుగోలుదారు చేతిలోని బలమంతా పోయేది ఆ పొరపాటుతోనే.

ఆ ఉత్తరంలో పోలీసుల ఊసు ఎత్తవద్దు. మన ఊళ్లలో స్టేషనుకు పిలిపించి మాట్లాడించి బాకీ వసూలు చేసే పద్ధతి మనకు అలవాటే గాని, ఇక్కడ అది తిరగబడుతుంది. నేరం మోపుతానని భయపెట్టి సొమ్ము రాబట్టడం కాలిఫోర్నియా శిక్షాస్మృతి ప్రకారం బెదిరింపు వసూలు అనే నేరమవుతుంది. 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక న్యాయవాది పంపిన డిమాండు నోటీసునే అలాంటి నేరంగా పరిగణించింది. సివిల్ దావా వేస్తానని రాయడం మీ హక్కు. మోసం జరిగిందని మీరు నమ్మితే ఎఫ్‌బిఐ ఇంటర్నెట్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయడమూ మీ హక్కే. ఆ రెండింటినీ బేరంగా ముడిపెట్టడమే కూడదు.

దావా ఎక్కడ వేయాలన్నది తరువాతి ప్రశ్న. ఇర్వింగ్‌లోనే, 20,000 డాలర్ల వరకు విచారించే జస్టిస్ కోర్టులో వేయడం మీకు సులువు. టెక్సస్ వినియోగదారు చట్టం కింద, తెలిసి మోసం చేసినట్టు రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల వరకు కోరవచ్చు కూడా. అయితే ఆ చట్టం కింద దావాకు 60 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. అంతకన్నా పెద్ద చిక్కు, ఒకే ఒక్క ఆన్‌లైన్ అమ్మకం ఆధారంగా వేరే రాష్ట్రంలోని వ్యక్తిని ఇక్కడి కోర్టుకు రప్పించవచ్చా అన్నది. విస్కాన్సిన్ నుంచి ఈబే ద్వారా 1964 నాటి ఫోర్డ్ కారు కొన్న శాన్ ఫ్రాన్సిస్కో వాసి తన ఊళ్లో దావా వేస్తే, అమ్మినవారిపై కాలిఫోర్నియా కోర్టులకు విచారణ పరిధి లేదని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2008లో తేల్చింది. టెక్సస్‌కు క్రమం తప్పకుండా సరుకు పంపే వెబ్‌సైటు విషయంలో ఫలితం వేరుగా ఉండవచ్చు గాని, 2,400 డాలర్ల కోసం ఆ ప్రాథమిక వాదనలోనే నెలలు గడపడం నాకు వివేకంగా తోచదు.

అందుచేత డీలరు ఉన్న కౌంటీలోని, చిన్న మొత్తాల దావాలు విచారించే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు మీకు తగినదని నా అభిప్రాయం. అక్కడ వ్యక్తులు 12,500 డాలర్ల వరకు కోరవచ్చు. విచారణలో వకీళ్లకు ప్రవేశం లేదు కాబట్టి ఇరువురూ సమానమే. ఆ స్థాయి దావాకు దాఖలు రుసుము 75 డాలర్లు. వీడియో ద్వారా హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు. మీ నష్టం, దానికి పది రెట్ల జరిమానా కలిపితే లెక్క 26,400 డాలర్లకు చేరుతుంది. స్మాల్ క్లెయిమ్స్‌కు వెళితే 12,500కు మించిన భాగాన్ని వదులుకోవాలి, పైగా ఓడిపోతే వాదికి అప్పీలు లేదు, ప్రతివాదికి మాత్రం ఉంది. పూర్తి మొత్తం కావాలంటే 35,000 డాలర్ల వరకు విచారించే లిమిటెడ్ సివిల్ విభాగంలో దావా వేయాలి, అక్కడ వకీలును పెట్టుకోవడం మేలు. ఇది నిర్ణయించే ముందు వెబ్‌సైటు నిబంధనల్లో మధ్యవర్తిత్వ షరతు ఏదైనా ఉందేమో చదివి చూడండి.

కేసు గెలుపోటములు మాత్రం ఒక్క అంశంపై ఆధారపడతాయి. సంతకం నకిలీదని రుజువు చేసే భారం మీదే. గ్రేడింగ్ కంపెనీ ఉత్తరం కూడా చివరికి ఒక అభిప్రాయమే, అందులో సంతకం అసలైనది కాదని తేల్చారా, లేక నిర్ధారించలేకపోయామని మాత్రమే రాశారా అన్నది ఒకటికి రెండుసార్లు చదవండి. రెండవ మాటే రాసి ఉంటే అది నకిలీదని తేల్చినట్టు కాదు. సంతకాలను పరీక్షించే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ వంటి సంస్థల్లో, మీకు ఇప్పటికే ఉత్తరం ఇచ్చినది కాకుండా మరొకదాని నుంచి కూడా రాతపూర్వకమైన అభిప్రాయం తెప్పించుకోండి. స్మాల్ క్లెయిమ్స్‌లో సాక్ష్య నియమాలు సడలింపుగా ఉంటాయి కాబట్టి రెండు స్వతంత్ర ఉత్తరాలు చాలావరకు సరిపోతాయి.

వాదనలో ఒక బలహీనమైన మాట జోలికి పోవద్దని కూడా చెప్పాలి. మీది టాప్స్ 177వ నంబరు కార్డు. గోనెపట్టా నేతను తలపించే అంచు మధ్య, న్యూయార్క్ మెట్స్ జట్టు కొత్త ఆటగాళ్లుగా జెర్రీ కూస్‌మన్, ర్యాన్ ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉంటాయి. మీరు పంపిన ఫోటోలో ర్యాన్ బొమ్మపై నీలి మార్కర్ గీత మెరుస్తూ కనిపిస్తోంది, ఆ సిరా కొత్తదని మీ అబ్బాయి రాశాడు. అది నకిలీకి ఆనవాలు కాదు. 27 సీజన్లు ఆడి, 5,714 స్ట్రైకౌట్ల రికార్డుతో, చివరి ఐదేళ్లు మీ టెక్సస్ రేంజర్స్ జట్టులోనే గడిపి 1993లో విరమించుకున్న ఆటగాడు, పాత కార్డులపై దశాబ్దాల తరువాత సంతకం చేయడం సర్వసాధారణం. సంతకం 1968 నాటిదని డీలరు ప్రకటనలో రాసి ఉంటే తప్ప, సిరా వయసు మీకు పనికిరాదు.

నష్టం లెక్కలో కూడా కార్డు అసలైనది కావడం లెక్కకు వస్తుంది. కార్డు మీ దగ్గరే ఉంచుకుంటే, అందిన నాడు అసలు సంతకంతో ఉండవలసిన విలువకూ, నకిలీ సంతకంతో ఉన్న విలువకూ మధ్య తేడాయే మీ నష్టం. అసలు కార్డుపై నకిలీ గీత పడితే, ఏ సంతకమూ లేని కార్డు కన్నా దాని ధర పడిపోతుందని డీలరే చెప్పవలసి వస్తుంది. కొనుగోలు రద్దు చేసుకుని కార్డు తిరిగి ఇచ్చేస్తే ఈ లెక్కల బెడద ఉండదు, మొత్తం సొమ్ము అడగవచ్చు.

వీసా విషయంలో దిగులు పడనవసరం లేదు. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి కోర్టుకు వెళ్లే హక్కు అందరితో సమానంగా ఉంది, సివిల్ దావాలో వాది కావడం వల్ల వీసా హోదాకు ఏ లోపమూ రాదు. వీసాకు ముప్పు వచ్చేది మీ చివరి ప్రశ్నలో ఉన్న పని వల్ల. సంతకం ర్యాన్‌ది కాదని మీకు ఇప్పుడు రాతపూర్వకంగా తెలుసు. ఆ సంగతి దాచి, ఆ ధ్రువపత్రంతో సహా మిత్రునికి వాట్సాప్‌లో బేరం కుదిర్చి అమ్మితే, అంతవరకు మోసపోయినవారు మోసం చేసినవారవుతారు. ఫోన్, ఇంటర్నెట్ వంటి సాధనాల ద్వారా చేసే మోసమైన వైర్ ఫ్రాడ్ అనే ఫెడరల్ నేరానికి 20 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. మోసానికి సంబంధించిన నేరంలో శిక్ష పడితే వలసదారుకు దేశబహిష్కరణ దాకా పోవచ్చు. విషయమంతా చెప్పి, సంతకాన్ని లెక్కలోకి తీసుకోకుండా కార్డు వరకే వెల కట్టి అమ్మడం చట్టవిరుద్ధం కాదు. కాని దావా ముగియకముందు అలా చేస్తే డీలరుకు తిరిగి అప్పగించడానికి వస్తువే ఉండదు, నిపుణులకు చూపడానికి సాక్ష్యమూ ఉండదు. కాబట్టి ఆ మిత్రునికి ప్రస్తుతానికి లేదని చెప్పి, కార్డును, అది వచ్చిన కవరును, ధ్రువపత్రాన్ని ఒకేచోట భద్రపరచండి. డీలరు వెబ్‌సైటులోని ఆ ప్రకటన పేజీని, ఆయన తొలగించకముందే ఈ రోజే తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోండి.