గువ్వల వేటకీ, ఇంటి రక్షణకీ ఒకే షాట్‌గన్ సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు, గ్రీన్ కార్డ్ ఈ మధ్యే వచ్చింది, సెప్టెంబర్‌లో ఆఫీసు మిత్రులు గువ్వల వేటకి రమ్మంటున్నారు. పక్క వీధిలో దొంగతనం జరిగిన దగ్గర్నుంచి ఇంట్లో టెన్షన్‌గా కూడా ఉంది. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ళ పాప, వేసవికి వచ్చే అమ్మానాన్నలు. రెండు పనులకీ పనికొచ్చే షాట్‌గన్ ఏది, 12 గేజా 20 గేజా అని అడిగారు.

నేనూ డాలస్ దగ్గరే చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. సీజన్ వస్తే అబిలీన్ వైపు పొద్దుతిరుగుడు పొలాలకి వెళ్తుంటాను. రెండు పనులూ చేసే తుపాకీ ఉంది. కానీ కొనేటప్పుడు వేట కోసమే అనుకుని కొనండి. దొంగల భయంతో షాపుకి వెళ్ళినవాళ్ళు పొట్టి బ్యారెల్, నల్లటి ప్లాస్టిక్ పిడి ఉన్నది కొని, ఒక పెట్టె షెల్స్ (చిన్న గుళ్ళు నింపిన తూటాలు) కాల్చి, భుజం నొప్పి పుట్టి అల్మారాలో పడేస్తారు. నా ఎరుకలోనే అలాంటివి చాలా ఉన్నాయి. వేటకి కొన్నది మాత్రం ఏడాది పొడుగునా ఏదో ఒక వంకతో చేతిలోకి వస్తుంది. అర్ధరాత్రి చీకట్లో సేఫ్టీ (ట్రిగ్గర్‌ని ఆపే మీట) ఎక్కడుందో వేలికి తెలియాలంటే అదొక్కటే దారి.

కొనే ముందు చట్టం సంగతి. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి మీకు అడ్డంకి లేదు. షాపులో 4473 ఫారం నింపుతారు, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, మిగతాదంతా మామూలు కొనుగోలే. అయితే హెచ్‌1బీ, ఎఫ్‌1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది గానీ, దాని వివరాలు లాయర్‌ని అడిగి తెలుసుకోవాల్సినవి. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మీ నాన్నగారు వచ్చేది విజిటర్ వీసా మీద. ముచ్చటపడి ఆయన చేతికి తుపాకీ ఇచ్చి ఫోటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. ఇంట్లో మీరు లేనప్పుడు బీరువా తాళం ఆయన దగ్గర ఉండటం కూడా మంచిది కాదు.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరూ వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. పదిహేడు దాటినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. లైసెన్స్‌కి తోడు వలస పక్షుల ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. నేను ఈ రెంటికీ కట్టేది 25, 7 డాలర్లు. రోజుకి పదిహేను గువ్వలే లిమిట్. తుపాకీలో ఒకేసారి మూడు షెల్స్‌కి మించి పట్టకూడదు, అందుకని మ్యాగజైన్ గొట్టంలో ఒక పుల్ల (ప్లగ్ అంటారు) పెట్టాలి. గేమ్ వార్డెన్ (వేట నియమాలు తనిఖీ చేసే అధికారి) వచ్చాడంటే మొదట చూసేది అదే.

ఇక గేజ్. బ్యారెల్ రంధ్రంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు తూగుతాయో అదే గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ బ్యారెల్ సన్నబడుతుంది. 12 గేజ్ సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్ 15.6. ఇక్కడివాళ్ళు నూటికి తొంభై మంది 12 కొనమంటారు. షెల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, రకాలు ఎక్కువ, ధర తక్కువ, వాళ్ళ మాటలో తప్పులేదు. నన్నడిగితే మాత్రం మీ ఇంటికి 20 గేజే. కారణం మీ ఆవిడ. ఇంటి రక్షణ అన్నాక ఆ తుపాకీ ఆమె కూడా కాల్చగలగాలి కదా. 20 గేజ్ తేలిక, మామూలు గువ్వల షెల్‌లో 7/8 ఔన్స్ పెల్లెట్లు (గుళ్ళు) ఉంటాయి, తన్ను, అంటే కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, తక్కువ. అయిదడుగుల మనిషి మధ్యాహ్నమంతా కాల్చినా మర్నాడు మళ్ళీ వస్తానంటుంది. దీనికున్న లోటు ఒకటే, 20 గేజ్‌లో బక్‌షాట్ (పెద్ద గుళ్ళ షెల్స్) రకాలు తక్కువ. ఎక్కువగా దొరికేది నంబర్ 3 బక్.

ఒకవేళ తర్వాత 12 గేజ్ కూడా కొన్నారనుకోండి, రెండు రకాల షెల్స్‌నీ ఒకే జేబులో, ఒకే సంచిలో వేయకండి. 20 గేజ్ షెల్ పొరపాటున 12 గేజ్ ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక షెల్ కూర్చునే చోటు) పడితే జారి ముందుకెళ్ళి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. పేలలేదు, ఖాళీగా ఉందేమో అనుకుని వెనక ఇంకో 12 షెల్ పెట్టి కాల్చితే బ్యారెల్ బద్దలవుతుంది, చేతులు పోతాయి. 20 గేజ్ షెల్స్‌కి పసుపు రంగు వేసేది ఇందుకే.

మోడల్ పేర్ల కంటే ముందు చూడాల్సింది తుపాకీ మీ ఒంటికి కుదురుతుందా లేదా అన్నది. మామూలు షాట్‌గన్‌ల పిడి పొడవు అమెరికన్ మగవాడి చేతులకి తగ్గట్టు పద్నాలుగు అంగుళాల దాకా ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్ళకి అది చంకలో తట్టుకుంటుంది, చెంప సరిగ్గా ఆనదు. షాట్‌గన్‌కి వెనక సైట్ (గురి చూసే గుర్తు) ఉండదు కాబట్టి మీ కన్నే ఆ సైట్. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే గుళ్ళు ప్రతిసారీ వేరే చోటికి పోతాయి. షాపులో ఖాళీ తుపాకీ అని మీరే చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, కళ్ళు తెరవండి. బ్యారెల్ చివర గురికోసం ఉండే పూస కంటికి సూటిగా కనబడితే కుదిరినట్టు. బాంటమ్, యూత్, కాంపాక్ట్ అని రాసి ఉన్నవి పిల్లలకే అనుకుని దాటిపోకండి. మనవాళ్ళలో చాలామందికి అవే సరిపోతాయి.

కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్ళుంటారు. దూరంగా ఉన్న గడియారం మీద వేలు పెట్టి ఒక్కో కన్నూ మూసి చూడండి. కుడి కన్ను మూసినా వేలు కదలకపోతే మీది ఎడమ కన్ను. అలాంటివాళ్ళు ఎడమ భుజం మీదనుంచి నేర్చుకోవడమో, ఎడమ కంటద్దం మీద చిన్న టేపు ముక్క అంటించుకోవడమో చేయాలి. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి గుళ్ళు గాలికి పోగొట్టేవాళ్ళున్నారు.

పంపా, సెమీ ఆటోమేటిక్కా? పంప్‌లో ప్రతిసారీ ముందు పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోస్తేనే తర్వాతి షెల్ ఎక్కుతుంది, సెమీ ఆటోమేటిక్ తనే ఎక్కించుకుంటుంది. డబ్బు తక్కువ పెట్టాలంటే పంప్. మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 దశాబ్దాలుగా పొలాల్లో, పోలీసు కార్లలో నలిగిన తుపాకులు. 870 వచ్చింది 1950లో. నాకు మాస్‌బర్గే ఇష్టం, సేఫ్టీ మీట పైన బొటనవేలికి అందుతుంది, ఏ చేతివాటానికైనా ఒకటే. 870కి అది ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది. పంప్‌తో చిక్కేమిటంటే, కంగారులో పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకి తోసేస్తారు, షెల్ ఎక్కదు. షెల్ పేలినప్పుడు పుట్టే గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోలో ఆ బాధ లేదు, తన్ను కూడా ఇంకా తగ్గుతుంది. బెరెట్టా ఏ300 లాంటిది పెట్టగలిగితే పెట్టండి. మాస్‌బర్గ్ 500లో పొడుగు బ్యారెల్ ఒకటి, 18.5 అంగుళాల పొట్టి బ్యారెల్ ఒకటి కలిపి కాంబోగా అమ్ముతారు. మీరు అడిగిన 'రెండు పనులకీ ఒకటి' అదే. మార్చడానికి పట్టేది నిమిషం. బ్యారెల్‌ని మాత్రం మీరు కోయకండి. 18 అంగుళాల కంటే పొట్టిదైతే ముందస్తు ఫెడరల్ అనుమతి లేకుండా ఉంచుకోవడం పెద్ద నేరం.

గువ్వల దగ్గరికొస్తే, ఏడున్నర లేదా 8 నంబర్ షెల్స్, ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ చాలు (చోక్ అంటే గుళ్ళు ఎంత విడిపోవాలో అదుపు చేసే బ్యారెల్ చివరి బిగింపు). నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. తర్వాత బాతుల వేటకి పిలిస్తే అక్కడ సీసం పనికిరాదు. 1991 నుంచి దేశమంతటా నిషేధం, స్టీల్ వాడాలి. గువ్వ తిన్నగా ఎగరదు, గాలిని బట్టి ఒక్కసారిగా వాలిపోతుంది. దాని వెనకనుంచి బ్యారెల్ తిప్పుకుంటూ వచ్చి, ముక్కు దాటగానే కాల్చండి. కాల్చిన తర్వాత కూడా తుపాకీ కదులుతూనే ఉండాలి. ఆపేస్తే గుళ్ళు తోక వెనకాలే పోతాయి. ముందుగా ఏదైనా క్లే రేంజ్‌కి వెళ్ళి కొన్ని వారాంతాలు మట్టి పలకల మీద నేర్చుకోండి. పొలంలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం, పిట్ట వెనక నీలి ఆకాశం కనిపిస్తేనే కాల్చడం. తక్కువ ఎత్తులో పోయే పిట్టని వదిలేయండి, దాని వెనక మీ మిత్రుడు కూర్చుని ఉంటాడు. కళ్ళద్దాలు, చెవులకి ప్లగ్స్ తప్పనిసరి. ఒక్క దెబ్బకే వినికిడి దెబ్బతినేంత చప్పుడు అది.

వండేటప్పుడు రొమ్ము మాంసంలో ఈకలు లోపలికి దూరిన గాటు ఎక్కడైనా ఉందేమో చూడండి, దాని చివర పెల్లెట్ ఉంటుంది. ఇక్కడివాళ్ళు బేకన్, హలపీన్యో చుట్టి కాలుస్తారు. నేను అల్లం వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు వేసి వేపుడు చేస్తాను, మా అమెరికన్ మిత్రులు ఇప్పుడు దానికోసమే వస్తున్నారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది కదా, ఇదంతా పాపం కాదా అని మీ అమ్మగారు అడగొచ్చు. ఇక్కడ 1937 నాటి చట్టం ప్రకారం షాట్‌గన్‌లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను వన్యప్రాణి సంరక్షణకే పోతుందని చెప్పి చూడండి. మా అమ్మైతే ఒప్పుకోలేదు.

ఇంటి విషయం కొంచెం గట్టిగానే చెబుతాను. మీ భయం ఉత్తిది కాదు. 2011, 2014 మధ్య టెక్సాస్, న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళే ఎంచుకుని దోచిన ముఠా నాయకురాలికి 2019లో డెట్రాయిట్ కోర్టు 37 ఏళ్ళ జైలు వేసింది. వాళ్ళకి కావలసింది మన బంగారం. కాబట్టి తుపాకీ కంటే ముందు నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టండి, పెళ్ళి ఫోటోలు ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా పెట్టడం మానండి, తలుపు ఫ్రేమ్‌లో పొడుగు స్క్రూలు వేయించండి.

షాట్‌గన్ అయితే గురి చూడక్కర్లేదు అనేది సినిమా మాట. గదిలో ఉండే దూరానికి పెల్లెట్లు అరచెయ్యంత మేర కూడా విడిపోవు, గురి తప్పితే మొత్తం తప్పినట్టే. పంప్ లాగిన చప్పుడుకే దొంగ పారిపోతాడన్న మాట మీద కూడా ప్రాణాలు పెట్టుకోకండి. ఇక గోడలు. మన ఊళ్ళో ఇటుక గోడలు, ఇక్కడివి చెక్క ఫ్రేమ్‌కి రెండువైపులా కొట్టిన జిప్సం బోర్డులు. మనిషిని ఆపగలిగే ఏ బక్‌షాట్ అయినా అలాంటి గోడలు కొన్నిటిని దాటుకుని పోతుంది. మీ బెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి చూడండి, పాప మంచం ఏ దిక్కులో ఉంది, అమ్మానాన్నల గది ఏ దిక్కు. ఆ దిక్కుల్లో కాల్చడానికి లేదు. అవసరమైతే మంచమే జరపండి.

ఇల్లంతా వెతుక్కుంటూ వెళ్ళకండి. అందరూ ఒక గదిలోకి చేరి, తలుపు వేసుకుని, 911 లైన్‌లో ఉంచి, గుమ్మం వైపు చూస్తూ ఉండటమే మా ఇంటి ప్లాన్. పోలీసులు వచ్చాక తుపాకీ చేతిలో ఉండకూడదు. రాత్రి నీళ్ళకి లేచిన మీ నాన్నగారిని దొంగ అనుకునే ప్రమాదం దొంగ వచ్చే ప్రమాదం కంటే ఎక్కువ, అందుకే టార్చ్ లేకుండా తుపాకీ తీయకూడదు. 2023లో న్యూయార్క్ రాష్ట్రంలోని హెబ్రాన్‌లో దారి తప్పి డ్రైవ్‌వేలోకి వచ్చిన కారు మీద ఇంటాయన షాట్‌గన్ కాల్చాడు, ఇరవై ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆయనకి పాతికేళ్ళ నుంచి జీవితాంతం దాకా శిక్ష పడింది. టెక్సాస్ చట్టం ఇంటి యజమానికి అనుకూలమని విని ధైర్యపడేవాళ్ళు ఇది చదవాలి.

ఆరేళ్ళ పాప ఉంది కాబట్టి తాళం లేకుండా తుపాకీ ఇంట్లో ఒక్క గంట కూడా ఉండటానికి లేదు. పదిహేడేళ్ళలోపు పిల్లలకి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో నేరం కూడా. గోడకి బోల్ట్ చేసిన కోడ్ తాళం క్యాబినెట్ కొనండి, తుపాకీ బడ్జెట్‌లోనే దాన్ని లెక్కవేయండి. ఛాంబర్ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. చాలా షాట్‌గన్‌లలో సేఫ్టీ ట్రిగ్గర్‌నే ఆపుతుంది, కింద పడినప్పుడు పేలకుండా ఆపుతుందన్న నమ్మకం లేదు. మా ఇంట్లో షెల్స్ కూడా వేరే తాళంలోనే ఉంటాయి, దానివల్ల కొన్ని సెకన్లు ఆలస్యమైనా నాకు పర్వాలేదు.

ఇంకొకటి, దీన్ని ఇక్కడ ఎవరూ చెప్పరు. వేటకి తీసుకెళ్ళిన బ్యాక్‌ప్యాక్, జాకెట్ ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క షెల్ శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు, ఫ్లైట్ పోతుంది, కోర్టు వాయిదాలు మొదలవుతాయి. వేట సామానుకి వేరే బ్యాగ్ కొని గరాజ్‌లో పెట్టుకోండి.