అమ్మకు బీఆర్‌సీఏ1... నాకు పాలసీ ముందా, పరీక్ష ముందా?

ప్రశ్న: నా వయసు 33. వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం. అమ్మకు 47 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మ్యుటేషన్ (క్యాన్సర్ ముప్పు పెంచే మార్పు) తేలింది. డాక్టరు నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు. ఆఫీసు ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా తప్ప నాకేమీ లేదు. ముందు పాలసీ తీసుకొమ్మని స్నేహితులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పాలసీ తీసుకోవడం సబబే. కానీ దాచిపెట్టి కాదు. ప్రపోజల్ ఫారం (పాలసీ దరఖాస్తు)లో కుటుంబ చరిత్ర అడిగితే అమ్మ జబ్బు, ఆమె రిపోర్టు సంగతి రాయాల్సిందే. 'ఏదైనా పరీక్ష చేయించుకోమని వైద్యులు సూచించారా' అన్న ప్రశ్న ఉంటే అక్కడ 'లేదు' అని టిక్ పెట్టకండి. రేపు క్లెయిం వేళ ఆస్పత్రి కేస్‌షీట్‌లో ఒక్క వాక్యం చాలు, అది బయటపడటానికి. ఏజెంటు నింపిన ఫారాన్ని చదవకుండా సంతకం చేయొద్దు. జన్యు వ్యాధి అన్న కారణంతో క్లెయిం తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లోనే కంపెనీలకు చెప్పింది. అయితే పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అందుకే పరీక్ష ఫలితం రాకముందే అడగడం మేలు. ఒకరు కాదంటే మరో ఇద్దరిని అడగండి. ఇదంతా నెలలో తేలిపోవాలి. తేలకపోయినా పరీక్ష ఆపొద్దు.

రూ.10 లక్షల బేస్ పాలసీ, దానిపై రూ.10 లక్షల డిడక్టిబుల్‌తో రూ.40 లక్షల సూపర్ టాపప్ (ఏడాది ఖర్చు ఆ రూ.10 లక్షలు దాటాక పైమొత్తం ఇచ్చే అదనపు పాలసీ) చూడండి. నోటి కీమోథెరపీ (క్యాన్సర్ మాత్రలు), ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స)లకు ఉపపరిమితి, అంటే ఆ చికిత్సకు కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం ఎంతో తప్పక అడగండి. జన్యువును బట్టి ఇచ్చే మందుల్లో ఒలాపారిబ్ లాంటివి ఇంట్లో నెలల తరబడి వేసుకునే మాత్రలు. ఉపపరిమితి తక్కువైతే పెద్ద పాలసీ ఉన్నా జేబు ఖాళీ అవుతుంది. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (తీవ్ర జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చేది) మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఏటా స్కానింగ్‌తో, చుట్టుపక్కల కణజాలంలోకి పాకకముందే దొరికే క్యాన్సర్ (కార్సినోమా ఇన్ సిటూ) సాధారణంగా దాని నిర్వచనంలోకి రాదు.

పరీక్షకు వెళ్లేటప్పుడు అమ్మ రిపోర్టు నకలు తీసుకెళ్లి, ఆ ఒక్క మ్యుటేషన్ మాత్రమే చూడమనండి. చాలా జన్యువులను ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ పరీక్ష కంటే చవక. పైగా అర్థం తేలని మార్పులు బయటపడి కంగారు పెట్టవు. అమ్మ నుంచి మీకు ఆ మ్యుటేషన్ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం.

పాజిటివ్ వస్తే ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్ ఉంటాయి. ఆస్పత్రిలో చేరకుండా చేయించే వీటికి మామూలు పాలసీ డబ్బివ్వదు. వీటి కోసం బ్యాంకులో నెలకు రూ.1,700 రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) వేస్తే ఏడాదికి రూ.20,000 దాటుతుంది. జబ్బు లేకుండా ముందుజాగ్రత్తగా చేసే ఆపరేషన్‌కు బీమా వస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పన్ను విషయానికొస్తే, పాత విధానంలో ఆరోగ్య బీమా ప్రీమియంకు ఇచ్చే మినహాయింపు (1961 చట్టంలో సెక్షన్ 80డి) కింద ముందస్తు ఆరోగ్య పరీక్షలకు రూ.5,000 వరకే. అది కూడా రూ.25,000 పరిమితిలోనే. ప్రీమియమే ఆ మొత్తాన్ని మింగేస్తే పరీక్ష రసీదుతో పన్నేమీ తగ్గదు.