విఘటనమా, విచ్ఛిన్నమా?

సందేహం: మా అమ్మాయి బడి ప్రాజెక్టులో “పెయింటు థిన్నరులోని టోలుయీన్ ఆవిరి వాతావరణంలో విఘటన చెందుతుంది” అని రాసింది. ఉపాధ్యాయులు ‘విఘటన’ కొట్టివేసి ‘విచ్ఛిన్నం’ అని దిద్దారు. ఏది సరి? ‘ఆవిరైపోతుంది’ అంటే చాలదా? – ఒక పాఠకురాలు

సమాధానం: చాలదు. థిన్నరుతో తుడిచిన తలుపు ఆరేటప్పటికి టోలుయీన్ గాలిలోకి చేరిందే గాని, దాని అణువు చెక్కుచెదరలేదు. ‘ఆశలు ఆవిరయ్యాయి’ అని రాసి రాసి, ఆవిరి కావడమంటే లేకుండా పోవడమేనని మనవాళ్లు స్థిరపరచుకున్నారు. శాస్త్రవిషయంలో ఆ అలవాటు పనికిరాదు.

ఇక అసలు మాట. విచ్ఛిన్నంలోని ఛిద్ ధాతువుకు నరకడమని అర్థం. ఛేదించు, ఛిద్రం దాని సంతతే. విఘటనలోని ఘట్ ధాతువు నాకు ప్రాణప్రదమైనది. ‘అంజలి ఘటించి’ అన్నప్పుడు రెండు అరచేతులూ ఒకదానికొకటి చేరుతున్నాయి చూడండి, అదీ ఘటన. కూడనివాటిని కూర్చగలవాడు అఘటితఘటనాసమర్థుడు. సంఘటన అంటే కూర్పు. ఆ అర్థం ‘అసంఘటిత రంగం’ అన్న మాటలో ఇంకా బతికి ఉండగా, వీధి తగవు మొదలు రైలు ప్రమాదం దాకా ప్రతిదానినీ సంఘటన అనేయడం నాకు కష్టంగా ఉంటుంది. కాబట్టి విఘటన అంటే నరుకుడు కాదు, కూర్చినది విడిపోవడం.

ఇప్పుడు టోలుయీన్‌కు ఏమవుతుందో చూద్దాం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను చీల్చగా వెలువడిన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరితో చేరి రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కూడిన, దేనితోనైనా ఇట్టే కలబడే తునకలను) పుట్టిస్తుంది. ఒక్కొక్కదాని ఆయుష్షు సుమారు ఒక సెకను. ఆ కాస్త వ్యవధిలో టోలుయీన్ ఎదురైతే, పదింట తొమ్మిది వంతులు ఆ రాడికల్ టోలుయీన్‌లోని ఆరు కార్బన్ల వలయానికి అతుక్కుంటుంది. మిగిలిన వంతు వలయం పక్కనున్న మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటే, చివరకు చేదు బాదం వాసన వేసే బెంజాల్డిహైడ్ వస్తుంది. అంటే తొలి అడుగు ఎక్కువగా ఘటనే, విఘటన కాదు! ఆ తరువాతే ఆక్సిజన్ చేరి, వలయం తెగి, గ్లయాక్సాల్ వంటి చిన్న అణువులుగా విడిపోయి, తుదకు కార్బన్ డయాక్సైడు, నీరు మిగులుతాయి. టోలుయీన్ సగటున రెండు రోజుల ప్రాంతంలో ఇలా కరిగిపోతే, మిథైల్ లేని ఉత్త వలయమైన బెంజీన్‌కు పది రోజులు పడుతుంది. దారిలో నైట్రోజన్ ఆక్సైడులు తోడైతే నేలమట్టాన ఊపిరికి చెరుపు చేసే ఓజోన్ పుడుతుంది గనుక, ‘విఘటనతో పీడ విరగడైంది’ అని మాత్రం రాయించకండి.

అందువల్ల మొత్తం క్రమానికి ‘ఆక్సీకరణం’ అన్నదే నిక్కమైన పేరు. రెండింటిలో ఒకటే కావాలంటే అమ్మాయి రాసిన మాటనే ఉంచుతాను. అయితే ‘విఘటన చెందుతుంది’ కన్నా ‘విఘటితమవుతుంది’ అందం. ‘విఘటనకు గురవుతుంది’ అనలేదు, సంతోషం. పాఠ్యపుస్తకాల ‘వియోగం’ కూడా చెల్లుతుంది.

ఉపాధ్యాయుల మాటకూ చోటుంది. ఒకప్పుడు బట్టల డ్రై క్లీనింగ్‌కు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు ఆవిరిని హైడ్రాక్సిల్ దాదాపు తాకదు. అది ఏళ్ల తరబడి గాలిలో తిరిగి వాతావరణపు పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్‌కు చేరితే, అక్కడి తీవ్రకిరణం దాని నుంచి క్లోరిన్‌ను తెగగొడుతుంది. ఆ వాక్యంలో విచ్ఛిన్నమే రాయాలి.