ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది: పూచీ ఎవరిది?

ప్రశ్న: రెండు యాక్సిళ్ల లారీ ఛాసిస్ (ఫ్రేము, ఇంజన్, చక్రాలు ఉండి బాడీ లేని బండి) క్యాబిన్‌తో కొన్నాను. ఆటోనగర్ షెడ్డులో కార్గో బాడీ కట్టిస్తున్నాను. రేపు బ్రేకులో తేడా వస్తే కంపెనీవాళ్లు బాడీవాళ్లని, బాడీవాళ్లు కంపెనీనీ చూపిస్తారు. అసలు బాధ్యత ఎవరిది?
– ఒక లారీ యజమాని, గాజువాక

జవాబు: ఇద్దరిదీ, కానీ ఎవరి వంతు వారికి రాతలో ఉంటుంది. బండి భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22ఏలో మొదటి భాగం ఛాసిస్ కంపెనీ ఇస్తుంది, రెండో భాగం బాడీ కట్టినవారు సంతకం చేసి ఇవ్వాలి. బ్రేకులు, స్టీరింగు, ఇంజన్ కంపెనీ పూచీ. బాడీ, దాని బిగింపు, లైట్లు, రిఫ్లెక్టర్ టేపు, వెనక, పక్కల గార్డులు కట్టినవారి పూచీ. కంపెనీ బిగించినదాన్ని షెడ్డులో కదిలిస్తే, ఆ కదిలించినదానికి కూడా బాడీ కట్టినవారే జవాబు చెప్పాలి. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

అందుకే పని జరుగుతుండగా ఒకటి రెండుసార్లు షెడ్డుకు వెళ్లండి. ఫ్రేము పై అంచుకూ కింది అంచుకూ రంధ్రం వేయనివ్వకండి, వెల్డింగు చేయనివ్వకండి. బరువు వల్ల వచ్చే ఒత్తిడి ఎక్కువగా ఆ అంచుల మీదే పడుతుంది, పగులు ఆ రంధ్రం నుంచే పుడుతుంది. ఎక్కడ బిగించాలో, ఎక్కడ కూడదో ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చే బాడీ సూచనల పుస్తకంలో ఉంటుంది. డీలరును అడిగి తీసుకుని మేస్త్రీ చేతిలో పెట్టండి.

బాడీకి వెల్డింగు చేసేముందు బ్యాటరీ నెగటివ్ తీగ, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కనెక్టర్లు ఊడదీయాలి. ఎర్తు క్లాంపు వెల్డింగు జరిగే చోటికి దగ్గరగా ఉండాలి. పక్కనున్న, బ్రేకులకు గాలి అందించే నైలాన్ ఎయిర్ పైపుల మీద తడి గోనెసంచి కప్పాలి. ఒక్క నిప్పురవ్వ పడితే సూదిబెజ్జమంత కన్నం పడుతుంది. ఆ రోజు తెలియదు, లోడుతో తిరగడం మొదలయ్యాక గాలి దిగిపోతుంది. డెలివరీ రోజున గాలి నిండా ఎక్కించి, ఇంజన్ ఆపి గేజీ చూడండి. ముల్లు దిగుతుంటే జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయండి, బుడగ వచ్చిన చోటే లీకు.

వెనక లైట్ల వైరు పొడిగించేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తారు. విశాఖ ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చగా చిలుము పడుతుంది, బ్రేకు లైటు మినుకుమినుకుమంటుంది. నీరు చొరని కనెక్టరే వేయమని పట్టుబట్టండి.

కొలతలు మీరే టేపుతో చూసుకోవచ్చు. వెనక యాక్సిల్ మధ్య నుంచి బాడీ చివరి వరకు ఉన్న దూరం వీల్‌బేసులో (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరంలో) 60 శాతం దాటకూడదు. వీల్‌బేసు 4,200 మిల్లీమీటర్లైతే 2,520 వరకే. అది దాటితే వెనక వేసిన సరుకు ముందు చక్రాలను తేలుస్తుంది, స్టీరింగు పట్టు తప్పుతుంది. వెనక గార్డు కింది అంచు, ఖాళీ బండికి, నేల నుంచి 550 మిల్లీమీటర్లు మించకూడదు. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు.

మిగతా డబ్బు ఇచ్చేముందు కాటా దగ్గర ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూయించండి. రెండు యాక్సిళ్ల లారీకి బండి, సరుకు కలిపి మొత్తం 18.5 టన్నుల వరకే, అందులో ముందు 7, వెనక 11.5. బాడీ బరువెంతో తెలిస్తేనే ఎంత సరుకు వేయొచ్చో తెలుస్తుంది. ఫారం 22ఏ రెండో భాగం చేతికి రాకుండా బండి కదిలించకండి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ అయిన లారీకి బాడీ రెండడుగులు పొడిగించుకోవచ్చా?
– ఒక డ్రైవరు, పెదగంట్యాడ

జవాబు: అలా చేయకండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ చెప్పిన రూపానికి భిన్నమయ్యే మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. యజమానికి అదే చట్టం 182ఏ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పొడవు నిజంగా అవసరమైతే ఎక్కువ వీల్‌బేసున్న ఛాసిస్ చూసుకోండి.