పత్తి కోస్తారా, తీస్తారా?

సందేహం: మాది గుంటూరు జిల్లాలో చేబ్రోలు వైపు పల్లె. కాలవ కింద కొంత మాగాణి, మెట్టన పత్తి, మిరప, ఇంటి దగ్గర రెండు గేదెలు. ఇద్దరూ మగపిల్లలే, ఎనిమిదీ అయిదూ చదువుతున్నారు. ‘మా ఇంట్లో ఒక సంవత్సరం’ అని బడిలో రాసుకురమ్మంటే పెద్దవాడు ఇలా రాశాడు: “జూన్‌లో నాన్న నారు వేశాడు. తర్వాత నాట్లు వేశాడు. చేనుకి నీళ్ళు పోశాడు, మందు చల్లాడు. దసరా సెలవుల్లో అమ్మ, మేము పత్తి కోసాము. సంక్రాంతి తర్వాత ఆదివారాలు మిరపకాయలు తీసాము. మా గేదె ఒక బిడ్డను కన్నది.” సారు అన్నిటికీ రైటు కొట్టారు. మా మామగారు మాత్రం ఒక్క మాటా సరిగా లేదు, వీడు మన ఇంట్లోనే పెరిగాడా అంటున్నారు. తప్పెక్కడుంది? ‘తీసాము’, ‘తీశాము’ ఈ రెంటిలో ఏది రాయాలి? వాడు కింద ‘ఒంటిపూట బడులు’ అని రాస్తే తమ్ముడు అది పల్లెటూరి మాటంటున్నాడు. నిజమేనా?

సమాధానం: వ్యాకరణం చూసి దిద్దితే మీవాడి వాక్యాల్లో కర్త, కర్మ, క్రియ ఎక్కడివక్కడ ఉన్నాయి. సారు రైటు కొట్టడంలో ఆశ్చర్యం లేదు. మీ మామగారు పట్టుకున్నది వ్యాకరణాన్ని కాదు, వాడుకను. వ్యవసాయంలో ఏ పనికి ఏ క్రియ అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది కాదు. చెయ్యి ఏం చేస్తుందో చూసి ఆ క్రియ పడింది. మీవాడు పత్తి క్రియను మిరపకూ, మిరప క్రియను పత్తికీ తగిలించాడు. ఆయనకు చివుక్కుమన్నది అక్కడే అయి ఉంటుంది.

ముందు ఆ రెండూ చూద్దాం. ‘కోయు’ అంటే కత్తో కొడవలో ఉండాలని లేదు. వరి కొడవలితో కోస్తారు, మల్లెపూలు వేళ్ళతో కోస్తారు, వంకాయలు కత్తిపీట మీద కోస్తారు. మూడింటిలో సమానంగా ఉన్నది తెగడం. మిరపకాయ కొమ్మకు తొడిమతో అతుక్కుని ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు తొడిమ మొదట్లో పెట్టి కాయను పైకి వంచితే టక్కున తెగుతుంది. కిందికి లాగితే కొమ్మ చీలుతుంది, ఆ కొమ్మ మీద ఉన్న పూత, పిందె పోతాయి, తర్వాతి కోతకు అక్కడ కాయ ఉండదు. ఒక తోట మూడు నాలుగు సార్లు కోతకు వస్తుంది కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లలకు పెద్దవాళ్ళు మొదట చెప్పేది ఇదే. అందుకే అది మిరప కోత, మొదటి కోత, రెండో కోత.

పత్తి అలా కాదు. కాయ చెట్టునే పగిలి, డిప్పలు విచ్చుకుని, దూది బయటికి వస్తుంది. వేళ్ళు ఆ డిప్పల్లోకి పోనిచ్చి దూదిని గింజలతో సహా లాగుతారు. డిప్ప చెట్టునే మిగిలిపోతుంది, ఏదీ తెగదు. లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చే పనికి తెలుగులో ‘తీయు’ ఉంది, ముల్లు తీయడం, పెట్టెలోంచి బట్టలు తీయడం లాగానే. కాబట్టి పత్తి తీస్తారు, ఆ పని పత్తి తీత. పత్తిని కోశామంటే పచ్చికాయలు తెంపుకొచ్చారా అని అడుగుతారు. తీతకూ వేళ ఉంది. మంచు ఆరకముందు తీస్తే దూది చెమ్మ పట్టి బస్తాలో రంగు మారుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే కాయ అడుగున ఎండిన రేకులు పెళుసెక్కి, నలిగి దూదికి అంటుకుంటాయి. కొనేవాడు దాన్నే చెత్త అని ధర తగ్గిస్తాడు. మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తే రెండు చిక్కులూ ఉండవు. భారత పత్తి సంస్థ కేంద్రాల్లో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, అంతకు మించితే కోత, 12 దాటితే తీసుకోరు. ఈ ధర ‘కోత’ కూడా ‘కోయు’ క్రియలోంచి వచ్చినదే, చూడండి.

తెలంగాణలో పత్తి ఏరుతారు. ఏరడమంటే విడివిడిగా ఉన్నవాటిలోంచి ఒక్కొక్కటే తీసుకోవడం. పగిలిన కాయలు చూసుకుంటూ సాలు వెంట నడిచే పనికి అదీ బాగానే అమరుతుంది. మీ పిల్లలు హైదరాబాదులో అలా వింటే తప్పనకూడదు.

మిరపకాయలు ‘తీయడం’ అన్నది గుంటూరు వాళ్ళ చెవికి వేరే పనిగా వినపడుతుంది, ముచ్చికలు తీయడం. ఎండిన కాయకు తొడిమ తుంచేసే పని అది. తోటలో కాదు, కల్లం దగ్గరా శీతల గిడ్డంగుల దగ్గరా కూర్చుని చేస్తారు. కోతకూ దీనికీ మధ్య ఇంకో పని ఉంది. కోసిన పండుకాయను కల్లంలో పోసి పది పన్నెండు రోజులు ఎండబెడతారు, మధ్య మధ్య తిరగేస్తారు, రాత్రిళ్ళు మంచు పడకుండా పట్టాలు కప్పుతారు. తడి తగిలినా, సరిగా ఆరకముందే కుప్ప చేసినా కాయ తెల్లబారుతుంది. దాన్ని తాలు అంటారు. తాలు ఏరి వేరుగా పెడతారు, మిర్చి యార్డులో దాని ధర వేరు. కాబట్టి ఒక్క మిరపకాయకే చెట్టు మీద కోయడం, కల్లంలో ఏరడం, నీడపట్టున ముచ్చిక తీయడం అని మూడు క్రియలు వచ్చాయి. మీవాళ్ళు ఆదివారాలు ఏ పని చేశారో వాళ్ళనే అడిగి దానికి తగిన క్రియ రాయించండి. ముచ్చికలే తీసి ఉంటే వాడు రాసినదానికి ఆ ఒక్క మాట చేరిస్తే చాలు.

ఇదే లెక్కన మిగతావి మీరే తేల్చుకోవచ్చు. వేరుతో సహా వస్తే పీకడం: వేరుశనగ పీకుతారు, మాగాణి మినుము పీకుతారు, నారు పీకుతారు. నేలలో ఉంటే తవ్వడం: పసుపు తవ్వుతారు, ఆ తర్వాత వండుతారు. ‘పసుపు వండటం’ అంటే కొమ్ములను నీళ్ళలో ఉడకబెట్టడం, దుగ్గిరాల వైపు మామూలు మాట, వంటింటితో పని లేదు. మొక్కజొన్న కండెలు విరుస్తారు. మినుమును మాత్రం ఇప్పుడు కొందరు కొడవలితో కోస్తున్నారు, అలాంటి చోట మినప కోత అన్నా తప్పు లేదు. పని మారితే క్రియ మారుతుంది, అంతే. మినుమును పీకినా కోసినా పొద్దున్నే, మంచు మీద ఉండగానే చేస్తారు. ఎండెక్కితే కాయ చిట్లి గింజ చేలోనే రాలిపోతుంది.

ఇక వరి. నారు ‘వేశాడు’ అన్నది తప్పనను గాని, ‘పోశాడు’ అనాలి. నారు పోసినవాడు నీరు పోయడా అన్న సామెతలో ఉన్నది ఆ క్రియే. ‘పోయు’ ఒక్క నీళ్ళకే కాదు, గుప్పిట్లోంచి జారేవాటన్నిటికీ వాడతాం: గాదెలో ధాన్యం పోస్తాం, కోళ్ళకు నూకలు పోస్తాం. ఎకరం నాటడానికి అయిదు సెంట్ల నారుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. ఒక రోజు నానబెట్టి, నీళ్ళు వార్చి, గోనెలో మరో రోజు మండె కడతారు, అంటే మొలక రావడానికి మూటకట్టి ఉంచుతారు. ముక్కు పగిలి మొలక తెల్లగా కనిపించగానే మడిలో చల్లాలి. ఇంకో పూట చూద్దామనుకుంటే మొలక పొడవై చల్లేటప్పుడు విరిగిపోతుంది. మండెలో వేడి పుట్టినా విత్తనం చెడుతుంది, అందుకే మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు చిలకరిస్తారు. ఇంత తతంగానికీ కలిపి ‘నారు పోయడం’ అని పేరు. మిరప నారూ పోసేదే. ఇప్పుడు నర్సరీ ట్రేలలో గుంటకో గింజ పెట్టి పెంచిన మొక్కలు కొనుక్కొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి మిరపకు ఆ మాట తగ్గిపోతోంది, “మొక్క తెచ్చాం” అంటున్నారు.

రెండో వాక్యంలో మీ మామగారు పట్టించుకున్నారో లేదో గాని నాకు కనిపించిన లోపం ఒకటుంది: “నాన్న నాట్లు వేశాడు”. వేసింది నాన్న కాదు కదా. మన వైపు నాట్లు వేసేది ఎక్కువగా ఆడ కూలీలు, ముఠాగా వస్తారు. నాన్న దమ్ము చేయించి (నీళ్ళు నిలిపిన మడిని బురదగా దున్నించి), నారు పీకించి, మనుషుల్ని మాట్లాడుకొచ్చి, నాట్లు వేయించాడు. తెలుగులో ఈ ‘ఇంచు’ చాలా నిజాయితీ ఉన్న ప్రత్యయం, ఎవరి చెయ్యి పడిందో దాచదు. రైతులు మాట్లాడుకునేటప్పుడు దున్నించాం, కోయించాం, నూర్పించాం అనే అంటారు. పిల్లలు రాసేటప్పుడే అది జారిపోతుంది. నాన్న స్వయంగా చేసినవాటికి మాత్రం గట్టు వేశాడు, నీరు పెట్టాడు అని సూటిగా రాయొచ్చు. (వేశాడా, వేశారా అన్నది మీ ఇంటి మర్యాదకు సంబంధించినది. నాన్నను ఏకవచనంలో అనే ఇళ్ళు మన జిల్లాలో బోలెడు. దాన్ని దిద్దవద్దు.)

డెల్టాలో నాట్లకే ఊడ్పులు అని ఇంకో మాట ఉంది. వరి ఊడ్చారు అంటే పిల్లలు చీపురు అనుకుంటారు. చిమ్మడానికీ నాటడానికీ తెలుగులో ‘ఊడ్చు’ అని రెండు క్రియలు, రూపం ఒక్కటే. నాటు వేయకుండా విత్తనమే నేరుగా చల్లితే అది వెద, అప్పుడు నారు పోయడం, పీకడం, ఊడ్చడం మూడూ ఉండవు. కూలీలు దొరకక ఈ పద్ధతికి మళ్ళిన చేలు చాలా ఉన్నాయి. మీ పొలంలో ఈసారి వెద పెట్టి ఉంటే పిల్లవాడు నాట్లని రాయకూడదు, ఎంత అందంగా రాసినా.

చేనుకి నీళ్ళు పెడతారు, కడతారు. చెంబుతో చెట్టుకు అయితే పోస్తారు. మందు పిచికారీ చేస్తే కొట్టడం, గుళికలైతే చల్లడం. డ్రోన్ వచ్చినా “మందు కొట్టించాం” అనే అంటున్నారు. మీవాడి నాన్న గుళికలే వాడి ఉంటే ‘చల్లాడు’ సరైనదే. ఈ ముక్క మీరు చూసి చెప్పాలి.

గేదె ఈనుతుంది. ఆవు, మేక, కుక్క, పిల్లి అన్నీ ఈనేవే. ‘కనడం’ మనుషులకు. గేదెకు పుట్టింది దూడ, అందులో ఆడదైతే పడ్డ, ఆవుకైతే పెయ్య. పెద్దవాడు అసలు రాయాల్సిన మాటలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. పాలు తీయబోయే ముందు దూడను విడుస్తారు, అది రెండు మూడు గుక్కలు కుడిచాక గేదె చేపుతుంది, అంటే పాలు చన్నుల్లోకి దిగుతాయి. చేపాక అయిదారు నిమిషాల్లో ముగించాలి. బెదిరినా, కొత్త మనిషి కూర్చున్నా చేపదు, చేపినా మధ్యలో ఎగదీస్తుంది. పితకడం, తీయడం రెండూ మన దగ్గర వాడుకే, తెలంగాణలో పిండుతారు. గేదెకు మేత వేస్తారు, దాణా పెడతారు, కుడితి తాపుతారు. బడికి పోయే ముందు పిల్లలు చేసే పనులు ఇవే కాబట్టి ఈ క్రియలు వాళ్ళ నోట తప్పకుండా ఉంటాయి. బడిలో రాయకూడని మాటలని ఎవరో చెప్పి ఉంటారు, లేదా వాళ్ళే అనుకుని ఉంటారు. పాఠ్యపుస్తకం భాష ‘సేకరించారు’, ‘నిర్వహించారు’ అని ఎక్కడికక్కడ చదును చేస్తుంది. ఆ చదునుకు అలవాటుపడిన కన్ను ‘పత్తి కోశాము’ దగ్గర ఆగదు. సారుది ఆ మేరకు పొరపాటే, అయినా నేను దిద్దితే గీత గీసి పక్కన సరైన క్రియ రాస్తాను గాని మార్కు తగ్గించను.

‘తీశాము’ అని రాయండి. ‘తీసినాము’లో సకారం పక్కన ఇకారం ఉంది. ‘తీసినాము’ కుదించుకుపోయి ‘తీశాము’ అయినప్పుడు ఆ ఇకారం పోతూ పోతూ సకారాన్ని శకారం చేసింది. కోశాము, వేశాడు, చేశారు అన్నీ ఇంతే. ఇకారం నిలిచిన చోట సకారం నిలుస్తుంది: తీసింది, కోసింది, చేసిన. పత్రికల్లో ‘తీసాము’ కూడా కనిపిస్తుంది, అది ఉచ్చారణ వినకుండా రాసిన రాత.

ఒంటిపూట బడులు పల్లెటూరి మాట కాదు. మార్చి మధ్య నుంచి ఎండలకని బడులు మధ్యాహ్నానికే వదిలేటప్పుడు పత్రికలూ అధికారులూ వాడే మాట అదే. ‘రెండు’ నుంచి ‘రెంటి’ వచ్చినట్టే పాత ‘ఒండు’ నుంచి ‘ఒంటి’ వచ్చింది, ఒంటికాలు, ఒంటిచెయ్యిలో ఉన్నదీ అదే. ‘ఒక పూట బడి’ అంటే ఏదో ఒక రోజు ఒక పూట జరిగిందన్న అర్థం కూడా వస్తుంది, ‘ఒంటిపూట’కు ఆ అనుమానం లేదు. కలిపి ఒకే మాటగా రాయాలి.