కొకోడా దారికి అలిపిరి మెట్ల అనుభవం సరిపోతుందా?

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మీరు 44 ఏళ్ల వయసులో, వచ్చే ఏడాది పాపువా న్యూ గినీలోని కొకోడా దారిలో నడవాలనుకుంటున్నారనీ, కొండలెక్కిన అనుభవమంటే అలిపిరి నుంచి రెండుసార్లు తిరుమలకు నడిచి వెళ్లడమేననీ, మాంసం ముట్టరనీ రాశారు. ఆ అనుభవం సరిపోతుందా, సంచి మోయడానికి వేరే మనిషిని పెట్టుకోవడం మంచిదా లేక స్వయంగా మోసుకోవడమే గౌరవమా, తిండికి ఏం చేయాలి, ఏ చివర నుంచి మొదలుపెట్టాలి అని అడిగారు. నేను బ్రిస్బేన్‌లో ఉంటాను. 2019 జూలైలో, 46 ఏళ్ల వయసులో, పదిమంది బృందంతో కలిసి ఉత్తర చివరనున్న కొకోడా గ్రామం నుంచి దక్షిణ చివరనున్న ఓవర్స్ కార్నర్ దాకా తొమ్మిది రోజుల్లో నడిచాను. నేను చూసినది, పొరపాటు చేసి నేర్చుకున్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

దారి పొడవు సుమారు 96 కిలోమీటర్లు. ఓవెన్ స్టాన్లీ పర్వతశ్రేణిని అడ్డంగా దాటుతుంది. అన్నిటికంటే ఎత్తయిన చోటు మౌంట్ బెల్లమీ దగ్గర, సముద్ర మట్టానికి 2,190 మీటర్లు. ఈ అంకెలు చూసి హిమాలయాల్లో తిరిగిన వారు తేలికగా తీసుకుంటారు. కానీ ఇక్కడి కష్టం ఎత్తులో లేదు. ఒక గట్టు ఎక్కి, అవతల వాగు దాకా దిగి, మళ్లీ అంతే ఎత్తు ఎక్కాలి. కొన్ని రోజుల్లో ఇది మూడుసార్లు జరుగుతుంది. విపరీతమైన తేమ, పాచి పట్టిన వేళ్లు, చీలమండలు మునిగే బురద, మధ్యాహ్నం దాటగానే మొదలయ్యే వాన, ఆరు గంటలకల్లా కమ్ముకునే చీకటి అన్నీ కలిసి, మ్యాపు మీద ఆరు కిలోమీటర్లుగా కనిపించే నడకను రోజంతా సాగదీస్తాయి.

అలిపిరి సంగతికి వస్తాను. అక్కడి 3,550 మెట్లు ఎక్కిన వారికి ఊపిరి బలం ఉంటుంది, మోకాళ్ల పర్వతం దగ్గర ఆగిపోని మనోబలమూ ఉంటుంది. ఆ రెండూ ఇక్కడ పనికొస్తాయి. అయితే అక్కడ కాలు పెట్టే చోటు ఎవరో మన కోసం చెక్కి ఉంచారు, పైకి వెళ్లాక చాలా మంది బస్సులో దిగుతారు. కొకోడాలో ప్రతి అడుగు ఎక్కడ వేయాలో మనమే ఎంచుకోవాలి, ఎక్కినదంతా కాళ్ల మీదే దిగాలి. నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. అయిదు నెలల పాటు జిమ్‌లో ట్రెడ్‌మిల్‌ను వాలుగా పెట్టి నడిచాను, ఆఫీసు భవనంలో మెట్లెక్కి లిఫ్టులో దిగాను. ఎక్కడానికి సిద్ధమయ్యాను గానీ దిగడానికి కాదు. మూడో రోజు ఎయోరా క్రీక్ వైపు దిగుతుండగా తొడ కండరాలు వణకడం మొదలై, సాయంత్రానికి కుడి మోకాలు వాచింది. కాలి బొటనవేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని, రెండు గోళ్లు నల్లబడి తర్వాత ఊడిపోయాయి.

మీరుండేది మెల్‌బోర్న్ కాబట్టి ఒక వసతి ఉంది. డాండినాంగ్ కొండల్లో ఫెర్న్‌ట్రీ గల్లీ దగ్గర 'వెయ్యి మెట్లు' అని అందరూ పిలిచే దారికి కొకోడా స్మారక నడకదారి అనే పేరే ఉంది. వారానికి రెండుసార్లు ఏడెనిమిది కిలోల బరువు వీపున వేసుకుని అక్కడికి వెళ్లండి. ఎక్కడం కంటే నెమ్మదిగా, అదుపుతో దిగడాన్నే అసలు సాధనగా భావించండి. వాన పడుతున్న రోజును వదలకండి. నాలుగు నెలలు చాలు అనుకోకుండా కనీసం ఆరు నెలలు కేటాయించండి. వరుసగా మూడు రోజులు రోజుకు ఆరేడు గంటలు నడిచే సెలవు ఒకటైనా మధ్యలో పెట్టుకోండి, ఎందుకంటే అలసిన కాళ్లతో మర్నాడు ఉదయం మళ్లీ లేచి నడవడం ఎలా ఉంటుందో ఒక్కరోజు నడక ఎన్నటికీ నేర్పదు.

ఇప్పుడు సంచి ప్రశ్న. దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే ఆ దారిలో మూట మోయడమనేది వట్టి సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 జూలై 21న జపాన్ సేనలు ఉత్తర తీరంలో గోనా దగ్గర దిగి, ఇప్పటి రాజధాని పోర్ట్ మోర్స్‌బీని పట్టుకోవాలని ఈ కొండదారి మీదుగా దక్షిణానికి నడిచాయి. ఆగస్టు చివరలో ఇసురావా దగ్గర, సెప్టెంబరు మొదట్లో బ్రిగేడ్ హిల్ మీద ఘోరమైన పోరాటం జరిగింది. ఆస్ట్రేలియా సైనికులు ఇమిటా గట్టు దాకా వెనక్కి తగ్గారు. ఎదురుగా అయోరిబైవా దాకా వచ్చిన జపాన్ సేన అక్కడే నిలిచిపోయి, ఆకలితో వెనుదిరిగింది. నవంబరు 2న కొకోడా తిరిగి ఆస్ట్రేలియా చేతికి వచ్చింది. ఈ నాలుగు నెలల్లో 600 మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. చక్రం తిరగని ఆ దారిలో తుపాకీ గుండ్లు, బియ్యం, మందులు పైకి, గాయపడినవారు కిందికి చేరింది ఎక్కువగా పాపువా మనుషుల భుజాల మీదే. ఒక్క స్ట్రెచర్‌కు ఎనిమిది మంది కావలసి వచ్చేవారు. ఆస్ట్రేలియాలో వారిని దేవదూతలని పొగిడారు. కానీ వారిలో చాలా మంది తమంతట తాముగా వచ్చినవారు కారనీ, అప్పటి ఆస్ట్రేలియా సైనిక పాలన వారిని ఊళ్ల నుంచి నిర్బంధంగా పనికి రప్పించిందనీ మీరు బయలుదేరే ముందే తెలుసుకుని ఉండాలి. మా గైడు తాత అలా తీసుకుపోబడిన వారిలో ఒకరు. ఇసురావాలో, 2002లో ప్రతిష్ఠించిన నాలుగు నల్లరాతి స్తంభాల దగ్గర ధైర్యం, ఓర్పు, స్నేహం, త్యాగం అనే అర్థమిచ్చే నాలుగు మాటలను మేమంతా చదువుతుండగా, గైడు, తన తాత ఇంటికి తిరిగొచ్చే సరికి తోటలు అడవి అయిపోయాయనీ, ఆ ఏడాది ఊరంతా ఆకలితో ఉందనీ నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపు మాలో ఎవరం మాట్లాడలేదు.

అందువల్ల నేను కూడా మొదట, మరొకరి భుజాన నా బరువు వేయడం తప్పని అనుకున్నాను. మూడో రోజు మోకాలు వాచాక, నాలుగో రోజు ఉదయం గైడు సలహా మీద ఎఫోగీ దగ్గరి గ్రామానికి చెందిన ఒక యువకుణ్ని పోర్టరుగా పెట్టుకున్నాను. నా అభిప్రాయం అప్పుడు మారింది. ఈ గ్రామాలకు రోడ్డు లేదు. పండిన కూరగాయ అమ్ముకోవాలంటే చిన్న విమానమో రోజుల నడకో కావాలి. ఆ యువకుడికి చేతికి నగదు వచ్చే దారి దాదాపు ఈ పని ఒక్కటే; తమ్ముడి బడి ఫీజు దీనితోనే కడుతున్నానని చెప్పాడు. అతని తాతల కాలంలో ఇష్టం లేకుండా మోసిన బరువుకూ, ఇవాళ అతను ధర మాట్లాడుకుని మోసే బరువుకూ ఎంతో తేడా ఉంది. గౌరవం ఎక్కడుందని మీరు అడిగారు. అతనికి సరైన కూలి, సరైన బరువు, రాత్రి పొడిగా పడుకునే చోటు దక్కేలా చూడటంలో ఉందని నా సమాధానం. మొదటి రోజు నుంచే పోర్టరును పెట్టుకోండి.

అయితే డబ్బు కట్టే ముందు, నడకను ఏర్పాటు చేసే సంస్థను కొన్ని ప్రశ్నలు అడగాలి. పోర్టరు మోసే బరువుకు పరిమితి ఎంత, దాన్ని తూచి చూస్తారా? వారికి చాపలు, దుప్పట్లు, వానకు టార్పాలిన్ ఇస్తారా? నడక ముగిశాక తమ ఊరికి తిరిగి నడిచే రోజులకు కూలి ఉందా? మా దారిలో ఎదురైన వేరొక బృందపు పోర్టర్లు మెనారీ గ్రామంలో రాత్రంతా నిప్పు చుట్టూ కూర్చునే గడిపారు, వారికి కప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. వారిని తెచ్చిన సంస్థ చవక ధరకు ఆ చలే కారణమని నాకు అప్పుడు అర్థమైంది. సమాధానం చెప్పడానికి తడబడే సంస్థను వదిలేయండి.

గైడు మాట విషయంలో కూడా ఒక సంఘటన చెప్పాలి. ఆరో రోజున మెనారీ దాటి బ్రౌన్ నది ఒడ్డుకు చేరేసరికి, రాత్రి పడిన వానకు నది పొంగి, గ్రామస్థులు వేసిన దుంగల వంతెన కొట్టుకుపోయి ఉంది. అవతలి ఒడ్డు ముప్పై అడుగుల దూరంలోనే కనబడుతోంది. విమానం తప్పిపోతుందన్న ఆందోళనతో మాలో ఇద్దరు, తాడు కట్టి ఇప్పుడే దాటుదామని పట్టుబట్టారు. గైడు వాదించలేదు. ఒక కర్ర నరికి, కత్తితో గాటు పెట్టి, నీటి అంచున పాతి, పక్కన కూర్చున్నాడు. మొదటి గంటలో నీరు గాటును దాటి పైకి వచ్చింది. తర్వాత ఆగింది. నాలుగు గంటలు గడిచాక గాటుకు మూరెడు కిందికి దిగింది. అప్పుడు ఇద్దరు పోర్టర్లు ఈది అవతలి చెట్టుకు తాడు కట్టారు. కొండవాగులు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగానూ తీస్తాయి. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి ఆ లెక్క తెలుసు, మనకు తెలియదు. దాటేటప్పుడు బూట్లు విప్పకండి, వీపు సంచి నడుము పట్టీని మాత్రం తప్పక విప్పేయండి, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి పక్కకు అడుగులు వేయండి, నీటిని కాకుండా ఒడ్డును చూడండి, తోడు వచ్చే వ్యక్తి చెయ్యి కాకుండా మణికట్టు పట్టుకోండి. తడి చేతులు జారతాయి, మణికట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే జారవు. తిరుగు విమానాన్ని నడక ముగిసిన మర్నాటికి కాక, కనీసం రెండు రోజుల తర్వాతకు పెట్టుకోండి. ఆ ఇద్దరికీ తొందర పుట్టించింది టికెట్టు మీది తేదీయే.

తిండికి మీరు భయపడనవసరం లేదు. నేనూ మాంసం తినను. దారి మధ్యలోని కోయారీ ప్రజల గ్రామాల్లో చాలా మంది సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవులు; ఆ సంప్రదాయంలో శాకాహారానికి మంచి గుర్తింపు ఉంది కాబట్టి, మాంసం వద్దంటే ఎవరూ వింతగా చూడరు. వారు శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం పొద్దు గుంకే దాకా పని చేయరు. మేము ఎఫోగీలో ఆ సాయంత్రం ఉన్నందువల్ల, దీపం వెలుగులో పిల్లలూ పెద్దలూ నాలుగు స్వరాల్లో పాడిన పాటలు వినగలిగాము. ఆ ఒక్క సాయంత్రం కోసమైనా మీ నడక రోజులను అలా కుదుర్చుకోమని చెబుతాను. గ్రామాల్లో ఉడికించిన చిలగడదుంప, అరటిపళ్లు, గుమ్మడి ఆకు కూర దొరుకుతాయి. అన్నిటికంటే నాకు ఊరట ఇచ్చింది చామదుంప. నిప్పుల్లో కాల్చి, పొట్టు గీరి చేతిలో పెట్టిన ఆ దుంపను మా అమ్మ పులుసులో వేసే దుంపగా గుర్తుపట్టగానే, అక్కడి ఆడవాళ్లతో సైగలతోనే ఒక గంట సేపు వంట కబుర్లు సాగాయి. సంస్థ ఇచ్చే సరుకులో డబ్బా మాంసం ఎక్కువ కాబట్టి, మీ వంతుకు బదులుగా పప్పు, నూడుల్సు పెట్టమని ముందే రాసి ఇవ్వండి. కందిపొడి వంటివి తీసుకెళితే మూత తీయని ప్యాకెట్లలోనే తీసుకెళ్లి, విమానాశ్రయంలో తప్పక చూపించండి. గ్రామాల్లో కొనడానికి అక్కడి డబ్బైన కీనాల్లో చిన్న నోట్లు ఉంచుకోండి. పెద్ద నోటుకు చిల్లర దొరకదు. పిల్లలకు మిఠాయిలు పంచకండి. ఫోటో తీసే ముందు అడగండి, ఎందుకంటే మీరు నడిచే ప్రతి అంగుళం ఏదో ఒక వంశం వారి సొంత నేల.

ఆరోగ్యం గురించి క్లుప్తంగా రాస్తాను. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి ప్రయాణానికి ఆరు వారాల ముందే వైద్యులను కలవండి. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తే ఎండకు చర్మం తొందరగా కందుతుందని గుర్తుంచుకోండి. చెమట ఎక్కువగా పోతుంది గనుక వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి ప్రమాదం రావచ్చు, ఓఆర్‌ఎస్ కలుపుకోండి. నడిచే బట్టలు ఒక జత ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పడుకునే జతను మాత్రం ప్రాణంలా పొడిగా దాచుకోండి, బెల్లమీ దగ్గర రాత్రి చలి నిజంగా ఉంటుంది.

నెల విషయానికొస్తే మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. ఇక ఏ చివర నుంచి అన్నదానికి, నేను నడిచినట్టే కొకోడా నుంచి దక్షిణానికి రమ్మంటాను. మొదట్లోనే పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొకోడాకు చిన్న విమానం ఎక్కడం వల్ల, మబ్బు పట్టి అది ఆలస్యమైనా అలసిపోయిన శరీరంతో ఎదురుచూడాల్సిన పని ఉండదు. యుద్ధం సాగిన వరుసలోనే ఇసురావా, బ్రిగేడ్ హిల్, అయోరిబైవా వస్తాయి. చివరికి పోర్ట్ మోర్స్‌బీకి వెళ్లే దారిలో, 3,800కు పైగా సమాధులున్న బొమానా శ్మశానవాటిక దగ్గర ఆగవచ్చు. ఒక్క హెచ్చరిక: గోల్డీ నది దాటాక అంతా అయిపోయిందనుకుంటాం, కానీ అక్కడి నుంచి ఓవర్స్ కార్నర్‌కు నిటారు ఎక్కుడు మిగిలే ఉంటుంది. నేను దాన్ని ఎక్కడానికి గంటకు పైగా పట్టింది. పైన కమాను దగ్గర నా సంచి దించి, కూలి లెక్క చూసుకుని, చేయి కలిపిన ఆ యువకుడు మధ్యాహ్నం అన్నం తినగానే నది వైపు తిరిగి దిగడం మొదలుపెట్టాడు. మేము ఆరు రోజుల్లో నడిచిన దారిని మూడు రోజుల్లో నడిచి, శుక్రవారం పొద్దు గుంకే లోపు ఇల్లు చేరాలన్నాడు.