నలభై షాట్ల తర్వాత గుండ్లు కిందికి పడుతుంటే...

ప్రశ్న: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీసు చేస్తోంది. పిస్టల్ సెకండ్ హ్యాండ్‌ది, గాలి చేతి పంపుతో ఎక్కిస్తాం. నలభై షాట్ల దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత గుండ్లు గురికి కిందుగా పడుతున్నాయి. ఇక్కడి లేత్ మేస్త్రి మొత్తం విప్పి చూసి, ట్రిగ్గర్ కూడా తేలిక చేసిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక తల్లి, కావలి

జవాబు: వద్దమ్మా, అప్పుడే ఇవ్వకండి. ముందు తప్పు పిస్టల్‌దా, చేతిదా తేల్చుకోవాలి. నలభై షాట్లు కాగానే పిస్టల్ గాలి సిలిండర్ మళ్లీ నింపి, అమ్మాయిని ఆపకుండా కొట్టమనండి. అప్పుడూ కిందికే పడుతుంటే అలసిపోయి చెయ్యి దిగుతోందన్నమాట, దానికి రిపేరు అక్కర్లేదు, వ్యాయామం కావాలి. గుండ్లు మళ్లీ మధ్యకొస్తే మాత్రం గాలి చాలడం లేదు. టార్గెట్ నడిమధ్య పది మార్కుల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే, వేగం కాస్త తగ్గినా తేడా తెలిసిపోతుంది.

నిండు సిలిండర్‌తో నూరు షాట్లకు పైగా రావాలి. ఎక్కువ సిలిండర్లకు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) పరిమితి, మీ దాని మీద ఎంతుందో చూసి అంతకు మించకండి. పంపు కొట్టినప్పుడు గాలి వేడెక్కి ఒత్తిడి మీటరు ముల్లు ఎక్కువ చూపిస్తుంది, గంట ఆగి అంకె రాసుకోండి, పొద్దున మళ్లీ చూడండి. బాగా పడిపోయి ఉంటే లీకే, సాధారణంగా ఓ-రింగ్ అరిగి ఉంటుంది. చిన్న రబ్బరు చుట్టు, అదే సైజుది వేయించాలి, దానికి సిలికాన్ గ్రీజు మాత్రమే. కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్ అస్సలు తగలనివ్వకండి, అంత ఒత్తిడిలో నూనె అంటుకునే ప్రమాదం ఉంది. సిలిండర్ మీద తయారీ తేదీ చూశారా? పదేళ్లు దాటితే పోటీకే కాదు, ఇంట్లో కూడా వాడొద్దు, పాత సరుకు కొన్నవాళ్లు ఇది చూడనే చూడరు!

ట్రిగ్గర్ సంగతి ఇంకా ముఖ్యం. పోటీలో అది పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలి, తూచి చూస్తారు. స్ప్రింగ్ కోసి, ట్రిగ్గర్‌ను పట్టి ఉంచే కొక్కెం ఆకురాయితో రాస్తే ముట్టుకోకుండానే పేలొచ్చు. మేస్త్రి పనిమంతుడే కావచ్చు, కానీ ఇది మోటారు పంపు కాదు కదా. ఆ కంపెనీ పిస్టళ్లు బాగుచేసే వాళ్లకే ఇవ్వండి, ఖర్చయినా సరే.

టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించి, విలువైన నిమిషాలు పోయి ఫైనల్‌కు చేరలేకపోయింది, అదే అమ్మాయి 2024లో పారిస్‌లో ఇదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. మీ అమ్మాయి కూడా టెన్షన్ పడనక్కర్లేదు, ముందు ఆ ముల్లు సంగతి చూడండి.